తలకాయ వాళ్లది, తోక మనది

సంక్రాంతి వెళ్లిన మర్నాడు మందసలో తెలిసినవాళ్ల ఇంటి అరుగు మీద కూర్చున్నాం. ఎదురుగా మంచులో మహేంద్రగిరి సగమే కనిపిస్తోంది. ఆ ఇంటి మనవరాలు పండక్కి హైదరాబాద్ నుంచి వచ్చింది. మెకానికల్ డిప్లొమా చేసిన పిల్ల. ఆదిభట్ల వైపు ఒక ఫ్యాక్టరీలో చేరి మూడేళ్లయింది. అయినా వాళ్ల మామ్మకి ఓ సందేహం మాత్రం తీరలేదు.

"ఇంతకీ అక్కడ నువ్వేటి సేత్తావే గుంటా?"

"ఇమానాలకి తోకలు బిగిస్తాం మామ్మా."

"తోకలా!" మామ్మ బుగ్గన చెయ్యేసుకుంది. "మరి తలకాయ ఎవులు సేత్తారు?"

"అది అమెరికాలో చేస్తారు."

"అదీ సంగతి. తలకాయ ఆళ్లు ఉంచుకుని తోక మనకిచ్చారన్నమాట."

అరుగంతా నవ్వులే. ఆ పిల్ల కూడా నవ్వింది కానీ, కాస్త చిన్నబుచ్చుకుంది. తమాషా ఏమిటంటే, పలాస జీడిపప్పు బట్టీల్లో నలభై ఏళ్లు పిక్కలు కొట్టిన ఆ ముసలామె అన్న మాటనే ఢిల్లీలో పెద్దపెద్ద నిపుణులు సదస్సుల్లో అంటుంటారు. కాకపోతే ఇంగ్లీషులో, గంటసేపు. రెక్కలూ తోకలూ బిగించినంత మాత్రాన విమానాలు చేసే దేశం అయిపోతామా అని. ప్రశ్న మంచిదే. జవాబు చెప్పాలంటే ముందు ఆ తోక సంగతేమిటో తెలియాలి కదా. పండగ సెలవుల్లో నేను పెట్టుకున్న పని అదే.

ఆ పిల్ల తన ఫ్యాక్టరీ పేరు చెప్పలేదు. లోపలి సంగతులు బయట మాట్లాడకూడదట, కాగితం మీద సంతకం పెట్టించుకున్నారట. కాబట్టి ఆమె కంపెనీని పక్కన పెట్టి, అందరికీ తెలిసిన కథే చెప్పుకుందాం.

హెర్క్యులిస్ అనే విమానం పేరు మీరు వినే ఉంటారు. సైన్యానికి బరువులు మోసే బండి. అమెరికాలో లాక్‌హీడ్ కంపెనీ తయారుచేసింది. మొదటిసారి గాల్లోకి లేచింది 1954 ఆగస్టు 23న. ఆ కంపెనీలోనే కెల్లీ జాన్సన్ అని మహా గొప్ప ఇంజినీరు ఉండేవాడు. మెరుపు వేగంతో పోయే సన్నటి యుద్ధ విమానాలు గీయడంలో దిట్ట. పొట్ట వేలాడుతున్న ఈ విమానం బొమ్మ చూసి ఆయన మొహం చిట్లించాడనీ, దీన్ని చేస్తే కంపెనీ మునిగిపోతుందన్నాడనీ ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆయన ముచ్చటపడిన విమానాలు చాలావరకు ప్రదర్శనశాలలకు చేరాయి. పొట్ట విమానం మాత్రం ఏడు దశాబ్దాలు దాటినా తయారవుతూనే ఉంది. ఇప్పటికి రెండున్నర వేలకు పైగా చేశారు. మంచు మీద దిగింది, ఇసుకలో దిగింది. 1963లో ఒకసారి, నడిసముద్రంలో యుద్ధనౌక మీద కూడా దింపి చూశారు!

ఇప్పుడు తయారయ్యే రకాన్ని సి-130జె సూపర్ హెర్క్యులిస్ అంటారు. 1996లో తొలిసారి ఎగిరింది. నాలుగు ఇంజన్లు, ఒక్కో ఇంజనుకి ఆరేసి రెక్కల పంకా. ఓ ఇరవై టన్నుల దాకా మోస్తుంది. అంటే రెండు లారీల సరుకు అనుకోండి. మన వైమానిక దళం 2008లో ఆరింటికి ఒప్పందం రాసుకుంది. మొదటిది 2011లో ఢిల్లీ పక్కన హిండన్‌లో దిగింది. తర్వాత మరికొన్ని తెచ్చుకున్నారు. 2013 జూన్‌లో ఉత్తరాఖండ్ వరదల్లో యాత్రికులు కొండల్లో చిక్కుకుపోయినప్పుడు, హెలికాప్టర్లకు ఇంధనం అందక ఇబ్బంది పడితే, ధరాసు అనే చిన్న మైదానంలో ఈ విమానమే దిగి తన ట్యాంకుల్లోంచి ఇంధనం తోడి ఇచ్చింది. ఆ ఏడు ఆగస్టులోనే లడఖ్‌లో 16,614 అడుగుల ఎత్తున ఉన్న దౌలత్ బేగ్ ఓల్డీలో దిగింది. 2023 ఏప్రిల్‌లో సూడాన్ అంతర్యుద్ధంలో ఇరుక్కున్న 121 మందిని అర్ధరాత్రి, దీపాలు లేని పాడుబడ్డ రన్‌వే మీద దిగి ఎక్కించుకొచ్చింది కూడా ఇదే.

ఈ విమానానికి తోక ఎక్కడిదీ అంటే, మన ఆదిభట్లది. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు దాటగానే, ఇబ్రహీంపట్నం వైపు, ఒకప్పుడు మెట్టపొలాలున్న చోట. టాటాలూ లాక్‌హీడ్ మార్టిన్‌వాళ్లూ కలిసి 2010లో టాటా లాక్‌హీడ్ మార్టిన్ ఏరోస్ట్రక్చర్స్ అనే కంపెనీ పెట్టారు. మొదట్లో విమానం నడుము మీద రెండు రెక్కల్నీ కలిపి ఉంచే మధ్య రెక్క పెట్టెల పనీ, ఆ తర్వాత తోక పనీ వచ్చాయి. ఇప్పటికి 200కు పైగా తోకలు అక్కడి నుంచి వెళ్లాయి. అమెరికాలో జార్జియా రాష్ట్రం మారియెట్టాలో కొత్తగా తయారయ్యే ప్రతి సూపర్ హెర్క్యులిస్‌కీ ఆదిభట్ల తోకే. ప్రపంచంలో వేరే చోట చేయడం లేదు. మామ్మ ఈ ముక్క విని, "మరయితే ఆళ్ల ఇమానాలన్నిటికీ మన తోకేనా!" అని కాస్త మెత్తబడింది.

తోక అంటే చిన్నదనుకునేరు. విమానం నేల మీద నిలబడితే తోక కొస 38 అడుగుల ఎత్తున ఉంటుంది. మూడంతస్తుల మేడ. అడ్డంగా ఉండే తోక ఈ చివరి నుంచి ఆ చివరికి 16 మీటర్లు. మన ఊళ్లో ఒక మాదిరి ఇల్లు ఆ తోక కింద దాక్కుంటుంది. ఇంత పెద్ద తోక దేనికి?

కావిడి మోసేవాణ్ని చూశారుగా. ముందు కుండ బరువెక్కితే వెనక బద్దని చేత్తో కిందికి నొక్కి సరిచేసుకుంటాడు. అడ్డ తోక చేసే పని అచ్చం ఆ చెయ్యి చేసే పనే. మామూలు ప్రయాణికుల విమానంలో బరువు ఎక్కడివక్కడే కూర్చుంటుంది. సైనిక రవాణా విమానం సంగతి అలా కాదు. గాల్లో ఉండగానే వెనక తలుపు తెరిచి, టన్నులకొద్దీ సరుకు పారాచూట్ కట్టి జారవిడుస్తారు. ఆ పెట్టె జారుతూ తలుపు దగ్గరికి వచ్చిన రెండు మూడు సెకన్లూ విమానం బరువంతా వెనక్కి వచ్చేస్తుంది. పెట్టె పడిపోగానే ఒక్కసారి ముందుకి పోతుంది. ఆ ఊపు తట్టుకోవాలంటే కావిడివాడి చెయ్యి గట్టిది కావాలి. ఇక నిలువు తోక. జోడెడ్లలో ఒకటి ఆగిపోతే బండి పక్కకి తిరిగిపోతుంది చూడండి, ఒకవైపు ఇంజను ఆగితే విమానానికీ అదే గతి. అప్పుడు దాన్ని దారిలో నిలబెట్టేది ఆ నిలువు తోకే. తలకాయ లేకుండా ఎగరలేదు, నిజమే. కానీ తోక లేకుండా అరనిమిషం కూడా నిలవదు.

సరే, తయారీ ఎలా? ఇక్కడ మామ్మకి అర్థమయ్యేలా ఆ పిల్ల చెప్పిన పోలిక నాకు భలే నచ్చింది. "మన తెప్పలు కుట్టేవోలు కదా మామ్మా, అలాగే."

ఉద్దానం తీరంలో ఫైబర్ పడవలు వచ్చాక పిల్లలకి తెలియడం లేదు కానీ, ఈ తూర్పు తీరమంతా ఒకప్పుడు కుట్టు పడవలు ఉండేవి. మసూలా పడవలనేవారు. చెక్కలకి మేకులు కొట్టరు. అంచుల్లో బెజ్జాలు వేసి, కొబ్బరి పీచు తాడుతో బట్ట కుట్టినట్టు కుడతారు. ఎందుకంటే మన ఒడ్డున కెరటం విరుచుకుపడే తీరు అలాంటిది. మేకులు కొట్టిన బిర్ర పడవ అయితే నేలకి కొట్టుకుని పగిలిపోతుంది. కుట్టిన పడవ వంగుతుంది, మళ్లీ సర్దుకుంటుంది. విమానమూ అంతే. గాల్లో రెక్కలు ఊగుతుంటే కిటికీ పక్కన కూర్చున్నవాళ్లు భయపడతారు. ఊగకపోతేనే భయపడాలి.

విమానం రేకులు అల్యూమినియంతో చేస్తారు. మనం సిల్వర్ గిన్నె అని పిలుచుకునే లోహమే. ఉత్తది మెత్తన. చేత్తో వంచితే సొట్టపడుతుంది. అందులో కాస్త రాగో, జింకో కలిపి వేడిచేసి చల్లారిస్తే ఉక్కుతో పోటీపడే బలం వస్తుంది, బరువు మాత్రం మూడోవంతే. చిక్కేమిటంటే ఆ రకాల్ని వెల్డింగ్ చేస్తే అతుకు దగ్గర ఆ బలం పోతుంది, బీట్లు వస్తాయి. అందుకని కుట్టడమే దారి. తాడు బదులు రివెట్లు. లోపల పక్కటెముకల్లాంటి రిబ్బులు, వెన్నుపూసలాంటి స్పార్లు. వాటి మీద రేకు పరిచి, వేలకొద్దీ బెజ్జాలు వేసి, ఒక్కో బెజ్జంలో ఒక్కో రివెట్. కుట్టు మొదలుపెట్టే ముందు దర్జీ కచ్చాకుట్లు వేసినట్టు, తాత్కాలికంగా స్ప్రింగు పిన్నులు గుచ్చి రేకుల్ని పట్టి ఉంచుతారు. మొత్తం తోకనంతా జిగ్ అనే పెద్ద ఇనుప చట్రంలో నిలబెట్టి చేస్తారు. ఆ చట్రం వెంట్రుకవాసి పక్కకి జరిగినా, ఎనిమిది వేల మైళ్ల అవతల మారియెట్టాలో ఈ తోక ఆ విమానానికి అతకదు. అతకకపోతే సుత్తితో కొట్టి సరిచేసే సరుకు కాదిది.

మామూలు రివెట్ కొట్టడానికి ఇద్దరు కావాలి. బయట ఒకరు గాలితో నడిచే రివెట్ గన్ పట్టుకుంటారు. లోపలి వైపు ఇంకొకరు బరువైన ఇనుప దిమ్మ ఆనించి పడతారు. గన్ కొడుతుంటే దిమ్మ తగిలి రివెట్ కొస అణిగి గుండీలా విచ్చుకుంటుంది. మధ్యలో రేకు అడ్డం కాబట్టి ఒకరికొకరు కనపడరు. రొదలో మాట వినపడదు. మరి కుదిరిందో లేదో ఎలా చెప్పుకోవడం? పాతకాలం నుంచీ ఈ పనివాళ్లకో తట్టుడు భాష ఉంది. దిమ్మ పట్టినవారు రేకు మీద ఒకసారి తడితే ఇంకాస్త కొట్టమని. రెండుసార్లు తడితే సరిపోయిందని. మూడుసార్లు తడితే చెడింది, తీసెయ్యమని. "మొదట్లో మా జోడీకి ఎప్పుడూ మూడు తట్లే వినపడేవి మాస్టారూ. అవతల ఉన్నావిడది వరంగల్. సాయంత్రం బయటికొచ్చాక ఆవిడ మొహం చూడ్డానికి సిగ్గేసేది" అంది.

కొన్ని రకాల రివెట్లని ఫ్రీజర్లో పెడతారని తెలిసి నేను నోరు తెరిచాను. వేడిచేసి ఒక్కసారి చల్లార్చిన ఆ రివెట్ కాసేపు మెత్తగా ఉంటుంది, గది వేడికి దానంతటదే గట్టిపడిపోతుంది. కోవాని పొయ్యి మీంచి దించాక చేతివేడి తగ్గకముందే ఉండ చుట్టాలి చూశారా, అలాగన్నమాట. మందస కోవా చేసేవాళ్లకి ఈ ముక్క చప్పున అర్థమవుతుంది. గట్టిపడకుండా చలిలో దాచి, బయటికి తీసిన కొద్ది నిమిషాల్లోనే కొట్టెయ్యాలి. ఆలస్యమైతే మళ్లీ వేడి చెయ్యాల్సిందే.

ఇంత జాగ్రత్త దేనికని అడుగుతారేమో. రెండు సంగతులు చెబుతాను.

1988 ఏప్రిల్ 28న హవాయి దీవుల్లో అలోహా ఎయిర్‌లైన్స్ వాళ్ల బోయింగ్ విమానం 24 వేల అడుగుల ఎత్తున పోతుండగా పైకప్పు పెచ్చు ఊడినట్టు ఊడిపోయింది. ఒక విమాన సహాయకురాలు గాల్లోకి కొట్టుకుపోయింది. ప్రయాణికులు బెల్టులు పెట్టుకుని ఉండబట్టి బతికారు. పైలట్లు ఆ డొల్ల విమానాన్నే ఎలాగో నేలకి దించారు. విచారణలో ఏం తేలిందయ్యా అంటే, ఆ విమానం దీవుల మధ్య చిన్నచిన్న దూరాలకు దాదాపు 90 వేల సార్లు ఎగిరి దిగింది. ఎగిరినప్పుడల్లా పొట్ట ఉబ్బుతుంది, దిగినప్పుడల్లా తగ్గుతుంది. దానికి తోడు ఉప్పుగాలి. రేకుల మధ్య జిగురు వదిలింది, తుప్పు చేరింది, భారమంతా రివెట్ బెజ్జాల మీద పడింది. బెజ్జం నుంచి బెజ్జానికి కంటికి కనపడని బీటలు పాకి, ఒకరోజు అన్నీ కలిసిపోయాయి. ఆరోజు ఎక్కేటప్పుడు ఒక ప్రయాణికురాలు తలుపు దగ్గర బీట చూసింది కూడా. నాకెందుకులే అనుకుని ఎవరికీ చెప్పలేదు.

ఉప్పుగాలి ఏం చేస్తుందో మన తీరంలో ఎవరికీ చెప్పక్కర్లేదు. బారువ వైపు ఇళ్ల గేట్లు చూడండి. రంగు వేసిన ఏడాదికే పొక్కులు లేస్తాయి.

రెండోది మన హెర్క్యులిస్ కథే. 2002 జూన్‌లో కాలిఫోర్నియాలో అడవి అంటుకుంటే, పాతబడిన ఒక సి-130 మంట మీద మందు చల్లడానికి కిందికి దిగింది. చల్లి పైకి లేస్తుండగా రెండు రెక్కలూ పైకి మడుచుకుని విరిగిపోయాయి. అందులో ముగ్గురూ చనిపోయారు. టీవీల్లో ఆ దృశ్యం చూసినవాళ్లు మరిచిపోలేరు. నడుము దగ్గర, రెక్కలు కలిసే ఆ మధ్య భాగంలోనే, రివెట్ల వరస వెంబడి పాత బీటలు ఉన్నాయని తేల్చారు. బీట ఎప్పుడూ బెజ్జం అంచున మొదలవుతుంది. డ్రిల్లు వేశాక అంచున మిగిలిపోయిన చిన్న గరుకు, ఓ సన్నటి గీత చాలు, ఇరవై ఏళ్ల తర్వాత పుట్టే బీటకి అదే విత్తనం. బెజ్జం వేసిన మనిషి అప్పటికి ఉద్యోగం మానేసి మనవల్ని ఆడిస్తూ ఉండొచ్చు.

అందుకే ఆ ఫ్యాక్టరీల్లో ప్రతి బెజ్జానికీ లెక్క, ప్రతి వరసకీ ఎవరు కొట్టారో, ఎవరు చూశారో సంతకం. పనిముట్లు పెట్టే డబ్బాలో ఒక్కోదానికీ దాని ఆకారంలోనే గుంట ఉంటుంది. షిఫ్టు అయ్యేసరికి ఏ గుంటా ఖాళీగా ఉండకూడదు. ఒకరోజు వేలెడంత డ్రిల్లు బిట్టు కనపడక మొత్తం పని ఆపేసి రెండు గంటలు వెతికారట. తీరా అది ఒకతని చొక్కా జేబులో ఉంది. తోక లోపల పడి ఉంటే? పదేళ్ల తర్వాత ఎక్కడో గాల్లో అది జారి చుక్కాని తీగలో ఇరుక్కుంటే? ఆ కుర్రాణ్ని ఎవరూ తిట్టలేదట. చెప్పనందుకు తిడతారు కానీ, చెప్పినందుకు తిట్టరట. ఈ పద్ధతి మన ఆఫీసుల్లోకి ఎప్పుడొస్తుందో!

మామ్మ అంతా విని తన చేతులు చూపించింది. జీడి పిక్కల రసానికి వేళ్ల చర్మం నల్లబడి, గీతలు కూడా అరిగిపోయాయి. "నానూ రోజంతా అదే సేసీదాన్ని. పిక్క కొడితే గుండు గుండుగా రావాల. బద్దయితే డబ్బు తగ్గించీవోలు" అంది. గుండుకీ బద్దకీ తేడా సుత్తి దెబ్బలో ఉంటుంది. మరీ గట్టిగా కొడితే పప్పు విరుగుతుంది, మెల్లగా కొడితే డిప్ప ఊడదు. ఆ దెబ్బ ఎంతో పుస్తకంలో రాయలేం. ఆ నేర్పు చేతిలోనే ఉంటుంది. ముందుతరం చేతికి రోజుకూలీ వచ్చింది. ఈ తరం చేతికి నెలజీతం, పీఎఫ్, కంపెనీ బస్సు వచ్చాయి. నాకు తెలిసినంతలో తోకకీ తలకాయకీ మధ్య వాదనలో ఎవరూ లెక్కలోకి తీసుకోని సంగతి ఇదే.

అలాగని వాదన తప్పని అనను. విమానం గీసింది అమెరికావాళ్లు. ఇంజన్లు వేరేవాళ్లవి. ఆదిభట్ల తోక అమెరికా వెళ్లి, విమానమై, మనకే డాలర్లకి తిరిగొస్తుంది. గీసేవాడికి దక్కేదీ బిగించేవాడికి దక్కేదీ ఒకటి కాదు. నలభై ఏళ్లు ఇలాగే తోకలు బిగిస్తూ కూర్చుంటే మామ్మ మాటే నిజమవుతుంది. కానీ మెట్లు కూడా కనపడుతున్నాయి. పొరుగునే బోయింగ్‌తో కలిసి టాటాలు పెట్టిన ఫ్యాక్టరీ 2018లో మొదలైంది, అపాచీ హెలికాప్టర్ మొండెం అక్కడే చేస్తున్నారు. ఎఫ్-16 రెక్కల పని కూడా ఆదిభట్లకే ఇస్తున్నట్టు అదే ఏడు ప్రకటించారు. 2021 సెప్టెంబర్‌లో వైమానిక దళం 56 సి-295 రవాణా విమానాలకు ఎయిర్‌బస్‌తో ఒప్పందం చేసుకుంది. అందులో 16 స్పెయిన్ నుంచి, 40 ఇక్కడే తయారీ. వడోదరలో బిగింపు కర్మాగారాన్ని 2024 అక్టోబర్ 28న ప్రారంభించారు. దానికి కావలసిన పెద్దపెద్ద భాగాలు కట్టేది మళ్లీ హైదరాబాద్‌లోనే. ఈసారి తలకాయా తోకా అన్నీ మన గడ్డ మీదే కలుస్తాయి. గీత మాత్రం ఇంకా మనది కాదు.

పాత విమానాల స్థానంలో కొత్తవి రావడం ఎంత అవసరమో మన ఉత్తరాంధ్రకి వేరే చెప్పాలా? 2016 జులై 22న తాంబరం నుంచి పోర్ట్‌బ్లెయిర్ బయల్దేరిన వైమానిక దళం ఏఎన్-32 విమానం బంగాళాఖాతం మీద మాయమైంది. అందులో 29 మంది. వాళ్లలో ఎనిమిది మంది విశాఖపట్నం నావల్ ఆర్మమెంట్ డిపో ఉద్యోగులు. పనిమీద వెళ్తున్న మామూలు మనుషులు. ఏడున్నరేళ్లు ఆ ఇళ్లలో ఎవరికీ ఏ సంగతీ తెలియలేదు. 2024 జనవరిలో సముద్రం అడుగున 3,400 మీటర్ల లోతులో శకలాలు కనపడ్డాయని ప్రకటించారు. ఎందుకు పడిందో తేలలేదు. రవాణా విమానం అంటే ట్యాంకులూ తుపాకులే మోస్తుందనుకుంటాం. మోసేది ఎక్కువగా ఇలాంటి ఇంటి పెద్దల్నే.

అక్కడితో మాట ముగిసిపోవలసింది. కానీ ఉద్దానంలో ఇప్పుడు విమానం ఊసెత్తితే ఇంకో మాట రాకుండా ఉండదు. మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో విమానాశ్రయం కట్టాలని ప్రతిపాదన వచ్చింది. 2025లో ఊరూరా రైతులు కూర్చుని వద్దన్నారు. సరుకుల విమానాలు వస్తాయి, జీడిపప్పూ చేపలూ నేరుగా బయటి దేశాలకి పోతాయి, పిల్లలకి ఇక్కడే పని దొరుకుతుంది అని ఒకవైపు. తోట పోతే ఆ పిల్లలకి ఇల్లెక్కడ అని ఇంకోవైపు. మామ్మ కుటుంబానికి అటువైపు జీడితోట, నాలుగు వరసల కొబ్బరి ఉన్నాయి.

ఆ కొబ్బరి చెట్ల వయసు నాకు తెలుసు. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో నిలువు చెట్టు మిగల్లేదు. పొద్దున్న లేచి చూస్తే, ఎప్పుడూ తోటల చాటున ఉండే సముద్రం ఇంటి గుమ్మంలోంచి కనపడింది. ఆ తర్వాత నాటిన మొక్కలు ఇవి. కొబ్బరి కాపుకి ఆరేడేళ్లు పడుతుంది. అంటే ఇప్పుడిప్పుడే గెలలు వేస్తున్నాయి. నష్టపరిహారం లెక్క కట్టే కాగితంలో చెట్టుకి ఇంత అని ధర ఉంటుంది. ఆ ఏడేళ్ల ఎదురుచూపుకి గడి ఉండదు. భూమి విషయంలో ఈ ప్రాంతానికి జ్ఞాపకశక్తి ఎక్కువ కూడా. 1940లో మందస జమీందారీ అడవిలో కట్టెల కోసం గుడారి రాజమణిపురం రైతులు తిరగబడితే కాల్పుల్లో ప్రాణం వదిలిన సాసుమాన గున్నమ్మని ఇక్కడ ఇప్పటికీ తలుచుకుంటారు. 2010 జులైలో సోంపేట బీల కోసం జరిగింది నిన్నమొన్నటి సంగతి.

విమానాలంటే నాకు ముచ్చటే. చెట్లు నాటినవాళ్లతో కూర్చుని, ప్రత్యామ్నాయం బల్ల మీద పెట్టి, వాళ్లు కాదంటే వినే ఓపిక ఉన్నప్పుడే రన్‌వే మాట ఎత్తాలని కూడా నా అభిప్రాయం. ఆదిభట్ల ఫ్యాక్టరీకి అసలు రన్‌వేనే అక్కర్లేదు. దానికి కావలసింది ఒక పెద్ద షెడ్డు, కరెంటు, చేతులు నేర్పే బడి. పలాస, టెక్కలి చుట్టుపక్కల చదువుకునే ఐటీఐ, డిప్లొమా పిల్లలకి విమాన రేకు మీద రివెట్ కొట్టడం నేర్పే గది ఒకటి పెడితే ఎన్ని ఎకరాలు కావాలి? సంత బయలంత చాలు. ఈ ప్రశ్న ఎవరైనా అడుగుతారేమోనని చూస్తున్నాను.

ఆ సాయంత్రం పిల్ల బయల్దేరింది. పలాసలో రైలు అందుకోవాలి. రిజర్వేషన్ దొరకలేదు, జనరల్ పెట్టెలోనే. సంచిలో కోవా డబ్బా, తోటలో కొబ్బరికాయలు నాలుగు. ఆటో ఎక్కబోతుంటే మామ్మ అడిగింది.

"ఓలే, నువ్వు సేసిన తోక ఇమానం మన తోటలోనే దిగుద్దేటి?"

"తెల్దు మామ్మా" అంది పిల్ల. ఆటో హరిపురం వైపు తిరిగే దాకా మామ్మ గేటు పట్టుకుని నిలబడింది. తర్వాత లోపలికి వెళ్లి, ఆవిడ వదిలేసిన మజ్జిగ గ్లాసు తీసి కడుక్కుంది.